డెల్టా ఎమ్మెల్యేలకు బహిరంగ లేఖ: సలహా మండలి కావాలి, సర్కారు జేబులో కాదు

గోదావరి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల నుంచి శాసనసభకు ఎన్నికైన గౌరవ సభ్యులందరికీ,

నమస్కారం.

సార్వాకు (ఖరీఫ్ వరి) ముందోసారి, దాళ్వాకు (రబీ వరి) ముందోసారి మీరంతా ఒక సలహా మండలిలో కూర్చుంటారు. పూర్తి పేరు ఇరిగేషన్ అడ్వైజరీ బోర్డు, రైతుల నోట్లో ఐఏబీ. కాలువలకు నీళ్లు ఏ తేదీన వదలాలి, ఎప్పుడు కట్టేయాలి, ఎగువన సీలేరు జలాశయాల నుంచి ఎంత నీరు దిగుతుంది, దాన్నిబట్టి దాళ్వా ఎంత మేరకు ఇవ్వొచ్చు, ఇవన్నీ అక్కడే తేలతాయి. వేదిక మీద మంత్రిగారు, కలెక్టరుగారు, మీరు. కింద మేం. శివారు రైతు లేచి మా చేను తడవలేదంటాడు. ఇంజినీరుగారు కాగితం చూసి, ఇవ్వాల్సిన నీరు ఇచ్చామంటారు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. నీళ్లు మధ్యలో ఎక్కడో పోయాయి. ఎక్కడ పోయాయో కొలిచి చెప్పే మూడో మనిషి మాత్రం ఆ హాల్లో ఉండడు.

నేను ఈ లేఖ రాస్తున్నది ఆ మూడో మనిషి కోసం. వాతావరణ మార్పు విషయంలో ప్రభుత్వానికి సలహా చెప్పడానికి, చేసిందీ చేయనిదీ ఏటా లెక్కగట్టి నేరుగా శాసనసభకు నివేదించడానికి ఒక స్వతంత్ర మండలిని చట్టం ద్వారా పెట్టమని అడుగుతున్నాను. జీవోతో వద్దు. జీవోతో పుట్టింది జీవోతోనే పోతుంది.

2022 సంగతే చూడండి. ఆ ఏడాది జూన్ 1నే డెల్టా కాలువలకు నీళ్లు వదిలారు. ఆలోచన మంచిదే. నాట్లు ముందుకు జరిగితే కోతలు నవంబరు తుపాన్లకు ముందే అయిపోతాయి. 1996 నవంబరు 6 తుపాను రాత్రిని చూసిన కోనసీమ మనిషెవరూ ఆ లెక్కను కాదనరు. కానీ అదే సీజనులో కోనసీమలో పలు మండలాల రైతులు సార్వా వేయబోమని క్రాప్ హాలిడే ప్రకటించారు. ధాన్యం డబ్బులు సకాలంలో రాలేదన్నది ఒక కారణం. మురుగు కాలువలు పూడిపోయి, గుర్రపుడెక్క పట్టేసి ఉంటే జూన్‌లో నాటింది జూలైలో మునిగేదే కదా అన్నది ఇంకో కారణం. వాళ్లు అన్నట్టే జూలై మధ్యలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. 1986లో 35 లక్షలు చూసిన బ్యారేజీకి ఆ అంకె కొత్త కాదు. ఆ వరద మాత్రం ఆగస్టులో వచ్చింది, ఇది జూలై మధ్యకే వచ్చేసింది.

తేదీ జరపడం ఒక శాఖ ఆలోచన. డ్రెయిన్ల పూడిక ఇంకో విభాగం పని. ధాన్యం డబ్బు మరో శాఖ బాధ్యత. తేదీ ఒక్కటీ జరిపితే చాలదు, ముందు డ్రెయిన్లు తవ్వండి, లేకపోతే ఈ సలహా శివారు మండలాల్లో పనిచేయదు అని ప్రభుత్వానికి ఎదురుగా, కాగితం మీద చెప్పడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు మన వ్యవస్థలో ఎవరూ లేరు.

కమిటీలు లేవా అంటే, ఉన్నాయి. 2011లో కోనసీమ క్రాప్ హాలిడే దేశమంతా వార్తయినప్పుడు మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన ప్రభుత్వం కమిటీ వేసింది. వాళ్లు విన్నారు, నివేదిక ఇచ్చారు. కమిటీల జాతకం మీకు తెలియనిది కాదు, నివేదిక చేతికిచ్చిన రోజే వాటికి నూకలు చెల్లుతాయి. మూడో ఏడు వచ్చి, మేం చెప్పినవాటిలో ఇవి అయ్యాయి, ఇవి కాలేదు, ఎందుకు కాలేదో చెప్పండి అని అడిగే నాథుడు ఉండడు. 2022లో రైతులు చెప్పిన కారణాలు చాలావరకు 2011లో చెప్పినవే.

రాజోలు వైపు కొబ్బరి సంగతి కూడా ఇంతే. శంకరగుప్తం మేజర్ డ్రెయిన్ వెంబడి తోటలు మోడుబారిన ఫొటోలు 2025లో పత్రికల నిండా వచ్చాయి. ఫొటోలో కనిపించేది చచ్చిన చెట్టు. అది ఎలా చస్తుందో చూసినవాళ్లం మేం. మొదట పిందె రాలుతుంది. దింపుకొచ్చే కాయ చిన్నదైపోతుంది. కింది మట్టలు పసుపు తిరిగి వాలతాయి. ఆ తర్వాత చెట్టు నడినెత్తిన ఉండే మొవ్వు సన్నబడుతుంది. మొవ్వు సన్నబడిందంటే ఇక ఎరువేసినా, మంచినీరు కట్టినా లాభం లేదని దింపు తీసే మనిషే చెట్టు దిగుతూ చెప్పేస్తాడు. అమావాస్యకో పౌర్ణమికో పోటు వేళ డ్రెయిన్ గట్టు మీద నిలబడితే నీరు వెనక్కి నడవడం కళ్లకు కనిపిస్తుంది. సముద్రం వైపు పోవాల్సిన గుర్రపుడెక్క ఊరి వైపు వస్తుంది. సముద్రం వెనక్కి తగ్గే పాటుకు ఆ నీరంతా తిరిగి పోదు. తోటలో మిగిలిపోయింది ఎండకు ఆరి, చెట్ల మొదళ్లలో తెల్లటి పొక్కు కడుతుంది.

ఆ ఉప్పు మా తోట అంచుదాకా వచ్చింది. ఒక ఆఫీసుకు వెళ్తే, అది డ్రెయిన్ల వాళ్ల పనండి అన్నారు. అక్కడికెళ్తే, డ్రెయిన్ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేస్తోంది, సముద్రంతో మేమేం చేస్తామండి అన్నారు. ఇంకోచోట చెట్ల లెక్క రాసుకున్నారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు, కుర్చీ కూడా వేశారు. ఎవరి పని వాళ్లు చేశారు. ఉప్పు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

అసలు ఉప్పునీరు ఎందుకు ఎగదన్నుతోంది? ఒక కారణం సముద్ర మట్టం. ప్రపంచవ్యాప్తంగా 1901 నుంచి 2018 మధ్య అది సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ లెక్క. కొండ ఊరికి అది జానెడే, తీరం వెంబడి మీటరు, రెండు మీటర్ల ఎత్తులో ఉన్న మా ఊళ్లకు అంత తేలిక కాదు. రెండో కారణం ఒండ్రు. డెల్టా అంటే గోదావరి తెచ్చి పోసిన మట్టే కదా. ఎగువన కట్టిన ఆనకట్టల వెనక ఆ మట్టి ఆగిపోతోంది. 1970లతో పోలిస్తే 1990లకే ధవళేశ్వరం దాకా వచ్చే ఒండ్రు సగానికంటే బాగా తగ్గిపోయిందని, తీరం కోతకు అదే కారణమని ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు 2004లోనే రాశారు. మూడోది నేల కుంగుబాటు. ఒండ్రు నేల దానంతటదే కొంత అణుగుతుంది. దానికితోడు గ్యాస్, చమురు తోడేస్తున్నందువల్ల ఇంకా కుంగుతోందని కోనసీమలో ఏళ్ల తరబడి అనుమానం, కాదని తవ్వేవారి వాదన. వీటి మీద మనం చేజేతులా చేసుకున్నవి వేరే. డ్రెయిన్లు పూడనిచ్చాం, మడ అడవిని కొట్టాం, పంట భూమి మధ్య ఉప్పునీటి చెరువులు తవ్వాం.

ఈ కారణాల్లో దేని వాటా ఎంతో తేలకపోతే మందు ఏం వేస్తాం? సముద్రం పెరగడమే ముఖ్యమైతే డ్రెయిన్ల చివర పోటును ఆపే తలుపులు, గట్ల ఎత్తు గురించి ఆలోచించాలి. ఒండ్రు లేకపోవడమైతే పోలవరం సహా ఎగువ జలాశయాల నిర్వహణ గురించి మాట్లాడాలి. తవ్వకమే అయితే తవ్వకాన్ని నియంత్రించాలి. వేలకోట్లతో తప్పు మందు వేసే ప్రమాదం ఉంది, పైగా మందు ఏదైనా ఒక బలమైన శాఖకో, సంస్థకో, ఓటుబ్యాంకుకో నొప్పి తప్పదు. తవ్వే సంస్థ ఖర్చుతో చేసిన సర్వేను మేం నమ్మం. మా ఆరోపణను వాళ్లు లెక్కచేయరు. ప్రభుత్వం చెబితే ప్రతిపక్షం నమ్మదు, ఐదేళ్ల తర్వాత పాత్రలు మారతాయంతే. ఇద్దరూ ఒప్పుకోక తప్పని కొలత కావాలంటే, కొలిచేవాడి జీతం, బదిలీ, పదవి వీళ్లెవరి చేతిలోనూ ఉండకూడదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన విడ్డూరం కాదు. బ్రిటన్ పార్లమెంటు 2008లో వాతావరణ మార్పు చట్టం చేసి క్లైమేట్ చేంజ్ కమిటీని పెట్టింది. దాని చేతిలో ఏ అధికారమూ లేదు. ఒక్క ఫ్యాక్టరీ మూయించలేదు, ఒక్క పౌండు పన్ను వేయలేదు. ఐదేళ్ల కాలానికి దేశం వదిలే ఉద్గారాల (భూమిని వేడెక్కించే వాయువుల) పరిమితి ఎంతుండాలో సలహా ఇస్తుంది. ఏటా పార్లమెంటుకు ప్రగతి నివేదిక పెడుతుంది. అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. ఆ నివేదికకు ప్రభుత్వం అక్టోబరు 15లోగా రాతపూర్వకంగా జవాబు ఇచ్చి పార్లమెంటు ముందు ఉంచాలి. సలహా వద్దనుకోవచ్చు, మౌనంగా ఉండటానికి వీల్లేదు. 2050 నాటికి నికర శూన్య ఉద్గారాల లక్ష్యం 2019లో చట్టంలోకి ఎక్కింది ఆ కమిటీ సలహా మీదే. 1990తో పోలిస్తే ఇప్పుడు అక్కడి ఉద్గారాలు సుమారు సగం. ఆ ఘనతంతా కమిటీదే అనను, బొగ్గు కరెంటు వదిలేయడం పెద్ద కారణం. 2023లో అక్కడి ప్రధాని కొత్త పెట్రోలు, డీజిలు కార్ల నిషేధాన్ని 2030 నుంచి 2035కి జరిపినప్పుడు కమిటీ ఆపలేకపోయింది కూడా. కాకపోతే దీనివల్ల లక్ష్యం చేరడం మరింత కష్టమవుతుందని గట్టిగా బయటికే చెప్పింది. ఓటరుకు అది చాలు, మిగతాది వాడు చూసుకుంటాడు. అదే చట్టం కింద, వరదకు, ఎండకు, తీరం కోతకు దేశం ఎంత సిద్ధంగా ఉందో చూసే ఉపసంఘం కూడా ఉంది. గోదావరి జిల్లాలకు అన్నిటికంటే ముందు కావాల్సింది అదే.

జీవో వద్దు, చట్టమే కావాలని ఎందుకంటున్నానంటే దానికి ఆస్ట్రేలియా సాక్ష్యం. అక్కడ క్లైమేట్ కమిషన్ అని ఒకటుండేది. 2013లో కొత్త ప్రభుత్వం గద్దెనెక్కగానే దాన్ని ఎత్తేసింది. అందులోని నిపుణులు ప్రజల చందాలతో క్లైమేట్ కౌన్సిల్ పెట్టుకుని పని సాగించారు. అదే ప్రభుత్వం క్లైమేట్ చేంజ్ అథారిటీని కూడా రద్దు చేయబోయింది, కానీ అది చట్టంతో ఏర్పడింది, అక్కడి ఎగువ సభ సెనేట్ ఒప్పుకోలేదు, నిలిచింది. చట్టమున్నంత మాత్రాన అన్నీ అయిపోవు లెండి. జర్మనీలో వాతావరణ నిపుణుల మండలి 2022లో, ఉద్గారాలు తగ్గించడానికి రవాణా శాఖ ఇచ్చిన కార్యక్రమాన్ని చూసి, ఇది వివరంగా పరిశీలించడానికి కూడా తగదని తేల్చేసింది. 2024లో అక్కడి ప్రభుత్వం వాతావరణ చట్టాన్నే సవరించి, ఏ శాఖ లక్ష్యానికి ఆ శాఖ జవాబుదారీ అన్న నియమాన్ని సడలించింది. బడిలో బెత్తం విరిచేసి పాఠం వచ్చేసిందన్నట్టుంది ఆ వ్యవహారం. అయినా విరిచారని లోకానికి తెలిసింది.

మన దేశానికొస్తే 2007లో ప్రధానమంత్రి అధ్యక్షతన వాతావరణ మార్పు మండలి ఏర్పడింది. 2008 జూన్ 30న ఎనిమిది మిషన్లతో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. ఆ దారిలో రాష్ట్రాలూ తమ ప్రణాళికలు రాసుకున్నాయి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 2012లో తయారైంది. ప్రధాని కూర్చునే మండలి ప్రభుత్వానికి తల అవుతుంది గానీ అద్దం కాదు. రాష్ట్ర ప్రణాళికలో రాసుకున్నవాటిలో ఎన్ని చేశారని ఏటా ఫలానా తేదీలోగా సభకు చెప్పాలన్న చట్టం ఏదీ లేదు.

నివేదిక ప్రభుత్వం చేతిలో చిక్కితే ఏమవుతుందో పడమటి కనుమల కథ చెబుతుంది. ఆ కనుమలను కాపాడే మార్గాలు చెప్పమని పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ అధ్యక్షతన కేంద్రం వేసిన నిపుణుల బృందం 2011 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. అది నెలల తరబడి బయటికి రాలేదు. సమాచార హక్కు కింద అడిగి, వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లాక 2012లో జనం చేతికొచ్చింది. ఆ వెంటనే దాన్ని సమీక్షించడానికి కస్తూరిరంగన్ అధ్యక్షతన మరో బృందం. 2024 జూలై 30న ఆ కనుమల్లోని వయనాడ్‌లో కొండచరియలు కూలి వందలాదిమంది చనిపోయాక అందరూ గాడ్గిల్ నివేదికను దుమ్ము దులిపి తీశారు. ఆయన చెప్పినవన్నీ ఒప్పే అనడం లేదు. తప్పో ఒప్పో 2011లోనే సభల్లో, ఊళ్లలో చర్చించుకునే అవకాశం పోయింది.

మీకు కాగ్ తెలుసు. దాని నివేదిక రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం శాసనసభ ముందుకు వస్తుంది, దాన్ని ఏ మంత్రీ బీరువాలో పెట్టుకోకూడదు. అయిపోయిన ఖర్చును కాగ్ చూస్తుంది. రాబోయే నష్టాన్ని చూసే కన్ను కూడా సభకు ఉండాలంటున్నాను. వ్యవసాయం, నీరు, భూమి, చేపలు అన్నీ రాష్ట్ర జాబితాలోవే కాబట్టి ఇది కేంద్రం పని అని తప్పించుకోవడానికి లేదు. 2024లో సుప్రీంకోర్టు బట్టమేక పిట్టల కేసులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు 14, 21 అధికరణల్లోనే ఉందని తేల్చింది కూడా.

మీరు అనబోయేది నాకు తెలుసు. రిటైరైన ఐఏఎస్‌లకు ఇంకో ఆఫీసు, ఇంకో కారు, అంతేగా అని. ఆ భయం నాకూ ఉంది, మీకంటే ఎక్కువే ఉంది. అందుకే సభ్యుల ఎంపిక ముఖ్యమంత్రి, ప్రతిపక్ష నేత, స్పీకరు కలిసి చేయాలి. పదవీకాలం ఎన్నికల కాలంతో కలవకూడదు. ప్రభుత్వం మారితే పథకాల పేర్లతో మొదలుపెట్టి రంగులదాకా మారే రాష్ట్రం మనది, ఈ ఒక్కటైనా ఆ సంబరం నుంచి బయట ఉండనివ్వండి. డబ్బు ఏ శాఖ పద్దులోంచీ కాకుండా సభ విడిగా మంజూరు చేయాలి. ఏ శాఖ నుంచైనా లెక్కలు రప్పించుకునే హక్కు ఉండాలి, రప్పించినవి జనానికీ కనపడాలి. డ్రెయిన్ మట్టాలు, బోరు నీటిలో ఉప్పు, తీరం కోత, ఇవి రహస్యాలు కావు కదా. శాస్త్రవేత్తల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. స్వర్ణ వరిని ఇచ్చిన మార్టేరు పరిశోధన కేంద్రం మన దగ్గరే ఉంది, కొబ్బరికి అంబాజీపేట కేంద్రం ఉంది, తీరం చదివినవాళ్లు విశాఖలో ఉన్నారు. వీళ్లలో చాలామంది ప్రభుత్వ జీతగాళ్లే. అందుకే మండలిలో ఉన్నన్నాళ్లూ వాళ్ల బదిలీ, పదోన్నతి శాఖల చేతిలో ఉండకూడదని చట్టంలో రాయాలి. కౌలు రైతుకు, వేటకెళ్లే మనిషికి ఫొటో కోసం కాకుండా ఓటుతో సహా చోటివ్వాలి. లంకల్లో ఏటిగట్టుకు అవతల బతికేవాళ్లకు వరద గురించి తెలిసింది ఏ శాటిలైటుకూ తెలియదు.

ఎన్నికైన మమ్మల్ని ఎన్నిక కానివాళ్లు ఆదేశిస్తారా అని కూడా అంటారు. ఆదేశించరు. మీకు ఇష్టం లేకపోతే వద్దనండి, ఎందుకు వద్దో రెండు పేజీలు రాయండి. అంతకుమించి భారం లేదు.

ఇంకోమాట, ఇది మా పక్షాన మాట్లాడే మండలి అవుతుందని అనుకోవడం లేదు. నీళ్లు నిలబెట్టిన వరిచేను భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వదులుతుందని, ఆరుతడులు నేర్చుకోండని మాకే చెప్పొచ్చు. ఉప్పునీటి రొయ్యల చెరువులు ఫలానా గీత దాటి రావడానికి వీల్లేదనొచ్చు, ఆ చెరువుల్లో మా చుట్టాలవీ ఉన్నాయి, మీలో కొందరివీ ఉన్నాయి. కొన్ని తీర గ్రామాలను ఇంక గట్లతో కాపాడలేం, ఇప్పటినుంచే మంచి చోటు చూడండని కూడా ఒకరోజు రాయాల్సి రావొచ్చు. ఆ మాట తుపాను వెళ్లిన మర్నాడు ట్రాక్టరు మీద నిలబడి వినడం కంటే, పదేళ్ల ముందు సభలో, లెక్కలతో వినడం నయం.

చట్టానికి సమయం పడుతుంది. వచ్చే సమావేశాల్లో ఈలోగా ఒక ప్రశ్న వేయండి. పార్టీలతో పనిలేదు, డెల్టా సభ్యులంతా సంతకం పెట్టి వేస్తే మరీ మంచిది. ప్రశ్న నేనే రాసిస్తున్నాను: “గోదావరి డెల్టాకు సంబంధించి రాష్ట్ర వాతావరణ మార్పు కార్యాచరణ ప్రణాళికలో పేర్కొన్న పనులేవి? వాటిలో ఇప్పటికి పూర్తయినవి ఏవి, కానివి ఏవి, ఎందుకు? డ్రెయిన్ల ద్వారా ఉప్పునీరు ఎగదన్నడానికి సముద్ర మట్టం, ఒండ్రు తగ్గుదల, నేల కుంగుబాటుల వాటా ఎంతో తేల్చే అధ్యయనం ఏ స్వతంత్ర సంస్థకు అప్పగించారు? అప్పగించకపోతే ఎప్పటిలోగా అప్పగిస్తారు?”

జవాబు రాతపూర్వకంగా అడగండి. వచ్చిన జవాబును మీ ఆఫీసు గోడకు అంటిస్తే మేం వచ్చి చదువుకుంటాం.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక వరి, కొబ్బరి రైతు